మాస్టారి నోటుబుక్కు

(మోటార్ మెకానిక్ ట్రేడ్ విద్యార్థులకు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పాత బండ్ల గురించి ఏదైనా చెప్పమన్నారు ప్రిన్సిపాల్ గారు. చెప్పుకుంటూ పోతే సాయంత్రం అవుతుంది, మీకు ఆకలేస్తుంది. అందుకని ఒక్క జబ్బు గురించే మాట్లాడతాను. ఉన్నట్టుండి ఆగిపోయి, కాసేపటికి ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్ట్ అయ్యే బండి.

అసలు స్టార్టే కాని బండితో మనకు పెద్ద బాధ లేదు. తోసుకొచ్చి షెడ్డులో పడేస్తారు, తాపీగా వెతుక్కోవచ్చు. ఇది అలా కాదు. డాక్టరు గది ముందు కూర్చోగానే తగ్గిపోయే పన్నునొప్పి లాంటిది. ఓనరు వచ్చి, "నిన్న రెండుసార్లు ఆగింది" అంటాడు. మనం సెల్ఫ్ కొడితే ఒక్క దెబ్బకి అందుకుంటుంది. అరగంట రేజ్ చేసినా ఆగదు. ఓనరు మన ముఖం చూస్తాడు, మనం బానెట్ లోపలికి చూస్తాం. అప్పుడు మన నోట్లోంచి వచ్చే మాట ఒకటుంది: "కాయిల్ మార్చి చూద్దాం సార్."

ఆ మాట నేనూ చాలాసార్లు అన్నాను. కాయిల్ అంటే స్పార్కు కోసం కరెంటు వోల్టేజి పెంచేది. అది అయ్యాక కండెన్సర్, తర్వాత పెట్రోల్ పంపు, తర్వాత పెట్రోలుని గాలితో కలిపే కార్బొరేటర్ సర్వీసు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు. ఒక్కోసారి తగిలేస్తుంది కూడా. అలా తగలడమే మనల్ని పాడు చేస్తుంది.

తెనాలి నుంచి ఒక లెక్కల మాస్టారు వచ్చారు, రిటైరైన మనిషి. బండి 1989 మోడల్, పాయింట్లు, అంటే కాయిల్‌కి కరెంటు కలిపి తెంపే చిన్న కాంటాక్టులు, ఉన్న కార్బొరేటర్ కారు. అప్పటికి మూడు షెడ్లు తిరిగింది. కాయిల్, ప్లగ్గులు, కండెన్సర్, పాయింట్లు, పెట్రోల్ పంపు, అన్నీ కొత్తవే. కార్బొరేటర్ రెండుసార్లు విప్పారు. ఆరు వేలు పోయాయి, జబ్బు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆయన నా ముందు ఒక వంద పేజీల నోటుబుక్కు పెట్టారు. అందులో గీతలు కొట్టి గళ్ళు. తేదీ, టైము, ఎక్కడ ఆగింది, ఎండా వానా, టాంకులో పెట్రోలు ఎంత, ఎంతసేపటికి స్టార్ట్ అయింది. మొత్తం పదకొండు సార్లు.

నిజం చెప్పాలంటే మొదట నవ్వొచ్చింది. తర్వాత టీ చెప్పి, కూర్చుని చదివాను. ఎండలో ఆగింది, తెల్లవారుజామున మంచులోనూ ఆగింది. అంటే వేడి కారణం కాదు. టాంకు నిండుగా ఉన్నప్పుడూ ఆగింది, అడుగున ఉన్నప్పుడూ ఆగింది. ఆగిన ప్రతిసారీ ఒక నిమిషం లోపే స్టార్ట్ అయింది. పెట్రోలు ఆవిరై పైపులో అడ్డం పడితే అంత తొందరగా తేరుకోదు. ఇక ఎక్కడెక్కడ ఆగిందో చూడండి: ఓవర్‌బ్రిడ్జి దిగుతుంటే, గడ్డి ట్రాక్టర్ వెనక నిదానంగా పోతుంటే, ఊళ్ళోకి వచ్చాక స్పీడు తగ్గిస్తే. ఓవర్‌బ్రిడ్జి ఎక్కుతున్నప్పుడు ఒక్కసారి కూడా లేదు. నలుగురు కూర్చుని లారీని దాటుతున్నప్పుడూ లేదు.

ఇక్కడ కొంచెం ఆగుదాం. పెట్రోలు చాలకపోతే బండి ఎప్పుడు మొరాయిస్తుంది? లోడు పడినప్పుడు. ఎక్కుడులో, స్పీడులో ఇంజిన్ ఎక్కువ పెట్రోలు అడుగుతుంది, ఫిల్టరు మూసుకుపోతే అక్కడే కుంటుతుంది. మాస్టారి బండి లోడు పడితే బాగుంటోంది, కాలు మెత్తగా పెడితే చస్తోంది. అంటే పెట్రోలు లైను మీద అనుమానం చాలావరకు పోయింది. నేనింకా స్పానర్ ముట్టుకోలేదు.

"మాస్టారూ, ఆగేటప్పుడు దగ్గి దగ్గి ఆగుతుందా, స్విచ్ కట్టేసినట్టు ఆగుతుందా?" అని అడిగాను.

"స్విచ్ కట్టేసినట్టేనయ్యా. మిగతా ముగ్గురూ ఈ మాట అడగలేదు" అన్నారు.

దగ్గుతూ, ఈడుస్తూ ఆగితే పెట్రోలు. ఠక్కున ఆగితే కరెంటు. నూటికి నూరు సార్లూ ఇలాగే అని చెప్పను గానీ, వెతుకులాట ఎటు మొదలుపెట్టాలో దీన్నిబట్టి తెలుస్తుంది. ఇంజిన్ తిరుగుడు చూపించే మీటరు ఉన్న బండి అయితే ఇంకా తేలిక. గేరులో ఉండి చక్రాలు తిరుగుతుండగానే ముల్లు సున్నాకి పడిపోయిందంటే కరెంటు తెగినట్టు.

సరే, కరెంటు అనుకున్నాం. కాలు మెత్తగా ఉన్నప్పుడే కరెంటు ఎందుకు తెగాలి? ప్లగ్గులకు స్పార్కు పంచే డిస్ట్రిబ్యూటర్ మీరు విప్పి ఉంటారు. పాత మేస్త్రీలు దాన్ని డెల్కో అంటారు. దాని పక్కన రేకు డబ్బాలాంటిది ఉంటుంది, వాక్యూమ్ అడ్వాన్స్. కార్బొరేటర్ నుంచి సన్నటి రబ్బరు పైపు దానికి వస్తుంది. యాక్సిలరేటర్ కొద్దిగా నొక్కి, లోడు లేకుండా పోతున్నప్పుడు ఆ పైపులో పీల్పు బాగా ఉంటుంది. అది లోపలి ప్లేటుని కొన్ని డిగ్రీలు తిప్పి, స్పార్కు ముందుగా పడేలా చేస్తుంది. కాలు గట్టిగా తొక్కితే పీల్పు తగ్గి ప్లేటు వెనక్కి వస్తుంది. పాయింట్లు ఆ ప్లేటు మీదే ఉంటాయి. బయటి టెర్మినల్ నుంచి పాయింట్లకు బెత్తెడు కూడా లేని ఒక తీగ వెళ్తుంది. ప్లేటు కదిలినప్పుడల్లా ఆ తీగ వంగుతుంది. ఇన్నేళ్ళలో ఎన్ని లక్షల సార్లు వంగి ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఇంజిన్ స్టార్ట్ చేయించి ఐడిల్‌లో పెట్టాను. కార్బొరేటర్ వైపు ఆ రబ్బరు పైపు ఊడదీసి, నోట్లో పెట్టుకుని పీల్చాను. ఏమీ కాలేదు. ఇంకొంచెం గట్టిగా పీల్చాను. ఇంజిన్ ఠక్కున ఆగిపోయింది. పైపు వదిలేసి మాస్టారిని సెల్ఫ్ కొట్టమన్నాను. స్టార్ట్ అయింది. మళ్ళీ పీల్చాను, మళ్ళీ ఆగింది. ఆ పెద్దాయన సీట్లోంచి దిగి వచ్చి, "ఏదీ, నన్ను పీల్చనీ" అన్నారు. పీల్చి, బండి ఆపి, చిన్నపిల్లాడిలా నవ్వారు. పెట్రోల్ వాసనకు దగ్గొచ్చింది, అది వేరే సంగతి.

మూత తీసి చూస్తే తీగ పైకి నిక్షేపంగా ఉంది. రెండు చివర్లూ పట్టుకుని లాగితే మధ్యలో రబ్బరులా సాగింది. లోపల రాగి పోగులు తెగిపోయాయి, పైతొడుగే పట్టుకుని ఉంది. ప్లేటు చివరికంటా తిరిగితే పోగులు విడిపోతాయి, ఇంజిన్ ఆగగానే పీల్పు పోయి ప్లేటు వెనక్కి వస్తుంది, పోగులు మళ్ళీ కలుస్తాయి. అందుకే ప్రతిసారీ నిమిషంలోపు స్టార్ట్ అయింది. షెడ్డులో యాక్సిలరేటర్ తొక్కి వదులుతూ రేజ్ చేస్తే ప్లేటు అంత దూరం పోయి నిలబడదు కాబట్టి ఎవరికీ దొరకలేదు. పాయింట్లు మార్చిన మేస్త్రీ ఆ తీగను తన చేత్తో విప్పి, తన చేత్తో మళ్ళీ బిగించి ఉంటాడు. అతన్ని అనడం లేదు. నేనైనా అదే చేసేవాణ్ణి.

అందరి దగ్గరా మాస్టారి నోటుబుక్కు ఉండదు. కాబట్టి మీ ఓనర్లకు ఇది చెప్పండి. బండి ఆగగానే ముందు పక్కకి తీసుకోవాలి. బ్రేకుకి సాయం చేసే పీల్పు ఒకటి రెండు తొక్కుళ్ళకే సరిపోతుంది, తర్వాత బ్రేకు పెడల్ గట్టిపడుతుంది. అందుకని బ్రేకుని పదేపదే వదిలి తొక్కకూడదు. బండి పూర్తిగా నిలబడేదాకా తాళం బయటికి తీయకూడదు, స్టీరింగ్ లాక్ పడుతుంది. తర్వాత ఏ పరీక్ష చేసినా బండి తేరుకునేలోపే. తేరుకున్నాక చూస్తే ఏమీ కనపడదు.

మనమే పక్కన ఉంటే టెస్ట్ లాంపు, అంటే కరెంటు ఉందో లేదో చూపే చిన్న బల్బు చాలు. తాళం ఆన్‌లో ఉండగా కాయిల్‌కి వచ్చే వైరు దగ్గర వెలుగుతుందా? వెలగకపోతే తాళం స్విచ్ దగ్గరికి వెళ్ళండి. గుత్తిలో ఇంటి తాళాలు, బీరువా తాళాలు అన్నీ వేలాడదీస్తారు, ఆ బరువుకు లోపలి కాంటాక్టు అరిగిపోతుంది. వెలిగితే, సెల్ఫ్ కొడుతూ పాయింట్ల వైపు పెట్టి లాంపు మిణుకుతుందో లేదో చూడండి. పెట్రోలుకైతే ఎయిర్ ఫిల్టర్ మూత తీసి, ఇంజిన్ ఆపి ఉండగానే యాక్సిలరేటర్ తీగ లాగండి. లోపల సన్నటి ధార చిమ్మాలి. బీడీలు దూరంగా పెట్టండి, ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. టాంకు మూత తిప్పితే బుస్సుమని గాలి లోపలికి పోయిందా, మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయినట్టు.

2000 ప్రాంతం నుంచి క్రమంగా ఇంజెక్షన్ బండ్లు వచ్చాయి, ఇప్పుడు అవీ పాతబడ్డాయి. వాటిలో పాయింట్లు లేవు, ఇంజిన్ ఎంతవరకు తిరిగిందో బండిలోని కంప్యూటరుకి చెప్పే క్రాంక్ సెన్సార్ ఉంటుంది. అది పాడవడం మొదలైతే, వేడెక్కినప్పుడు సిగ్నల్ ఆపేస్తుంది, చల్లారితే మళ్ళీ ఇస్తుంది. షెడ్డులో దాన్ని పట్టుకోవడానికి నేను హెయిర్ డ్రయర్ వాడతాను. మా ఇంట్లోదే. ఇంట్లో ఇంకా తెలియదు. సెన్సారుకి వేడిగాలి పెట్టినప్పుడు ఇంజిన్ ఆగి, తడిగుడ్డ వేశాక స్టార్ట్ అయితే దొంగ దొరికినట్టే. పంపు సంగతి చెవితో తెలుస్తుంది. తాళం ఆన్ చేయగానే చాలా బండ్లలో వెనక సీటు కింద రెండు సెకన్లు జుయ్యిమంటుంది.

ఇంకొక్క మాట. 2023లో కొన్ని బంకుల్లో మొదలై, 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు ఇప్పుడు అంతటా వస్తోంది. మన పాత బండ్ల రబ్బరు పైపులు దానికోసం చేసినవి కావు. ఉబ్బి, లోపలి పొర రేగి, పొలుసులా అడ్డం పడుతుంది. బయటికి పైపు బాగానే కనిపిస్తుంది, ఆ తీగలాగే. పాత బండి చేతికొస్తే పైపుని వేళ్ళతో నొక్కి చూడండి.

ఆ తీగ ఇదిగో, జేబులో తెచ్చాను. చూసి వెనక బెంచీలకు ఇవ్వండి, లాగి తెంపకండి. బయట వేపచెట్టు కింద ఒక పాత కారు పెట్టించాను. రాత్రే దానికో లోపం పెట్టాను. టీ తాగి రండి. స్పానర్లు ఎవరూ తేవద్దు, ముందు నన్ను ఓనర్ని అనుకుని ప్రశ్నలు అడగండి.