పన్ను నోటీసు, పియానో, వెల్ష్ భాష

(తెర మీద: పాత పన్ను నోటీసు, మొత్తం ఇంగ్లీషులో)

1952. బ్రిటన్‌లో భాగమైన వేల్స్‌లో లాంగెనెఖ్ అనే ఊరు. ట్రెవర్ బీస్లీ బొగ్గుగని కార్మికుడు, ఆయన భార్య ఐలీన్ టీచరు. ఇంట్లో మాట్లాడేది వెల్ష్, ఊళ్లో చాలామందిదీ అదే. పన్ను నోటీసు మాత్రం ఇంగ్లీషులో వచ్చింది. వెల్ష్‌లో పంపితేనే కడతామన్నారు ఇద్దరూ.

స్థానిక కౌన్సిల్ కోర్టుకు లాగింది. ఒకసారి కాదు, పదిసార్లకు పైనే. జప్తుకు వచ్చినవాళ్లు ఇంట్లో సామాన్లు, ఆఖరికి పియానో కూడా మోసుకుపోయారు. వాళ్లు అడిగింది పన్ను మాఫీ కాదు, చూడండి! సొంత భాషలో ఒక కాగితం, అంతే. అది రెండు భాషల్లో చేతికొచ్చేసరికి 1960 అయింది.

(తెర మీద: మెడలో చెక్కముక్కతో బడిపిల్లాడి బొమ్మ)

అంత మొండితనం కౌన్సిల్‌కి ఎక్కడిది? 1536లో ఎనిమిదో హెన్రీ కాలంలో వచ్చిన చట్టం కోర్టుల్లో ఇంగ్లీషే ఉండాలంది. 19వ శతాబ్దంలో కొన్ని బళ్లలో వెల్ష్ మాట్లాడిన పిల్లాడి మెడలో ‘వెల్ష్ నాట్’ అనే చెక్క వేలాడదీసేవారు. ఇంకొకడు దొరికితే అది వాడి మెడలోకి మారేది. (2009లో మన కడప జిల్లాలో ఒక బడిలో తెలుగు మాట్లాడిన పిల్లల మెడలో పలకలు వేలాడదీశారన్న వార్త గుర్తుందా?) 1911లో వేల్స్ జనాభాలో 43 శాతానికి పైగా వెల్ష్ వచ్చు. 1961కి అది 26 శాతం.

1962లో రచయిత సాండర్స్ లూయిస్ బీబీసీ రేడియోలో మాట్లాడుతూ బీస్లీలను చూసి నేర్చుకోమన్నారు. ఆ ఏడాదే వెల్ష్ భాషా సంఘం పుట్టింది. 1963లో అబెరిస్ట్‌విత్‌లో యువకులు వంతెన మీద కూర్చుని ట్రాఫిక్ ఆపేశారు. వాళ్లు అడిగిందీ కాగితమే: కోర్టు సమన్లు వెల్ష్‌లో కావాలని.

(తెర మీద: పాత టీవీ సెట్టు)

తర్వాత టీవీ. వెల్ష్ ఛానల్ ఇస్తామన్న మాట థాచర్ ప్రభుత్వం తప్పింది. 1980లో గ్విన్‌ఫర్ ఎవాన్స్ అనే నాయకుడు ఆమరణ దీక్షకు దిగుతానన్నారు. ప్రభుత్వం దిగొచ్చింది. 1982లో ఎస్‌4సీ ఛానల్ మొదలైంది.

1993 చట్టం ప్రభుత్వ సంస్థలు రెండు భాషలనూ సమానంగా చూడాలంది. వేల్స్‌లో వెల్ష్‌కు అధికార హోదా దక్కింది 2011లో. నియమాలు పాటించని సంస్థకు భాషా కమిషనర్ జరిమానా కూడా వేయొచ్చు.

2050 నాటికి పది లక్షల మంది వెల్ష్ మాట్లాడాలన్నది అక్కడి ప్రభుత్వ లక్ష్యం. 2021 జనగణనలో తేలింది సుమారు 5,38,000 మంది, 17.8 శాతం. పదేళ్ల కిందటికంటే తక్కువ. అధికార హోదా వచ్చాక తగ్గడమేమిటని నాకూ అనుమానమొచ్చి లెక్కలు తిరగేశాను. తగ్గింది ముఖ్యంగా బడి వయసు పిల్లల్లో.

(తెర మీద: నేటి పన్ను నోటీసు, వెల్ష్‌లోనూ ఇంగ్లీషులోనూ)