బేలా గుట్‌మన్: శాపం కథ పక్కన పెడితే

మిత్రులారా, బేలా గుట్‌మన్ పేరెత్తగానే ఫుట్‌బాల్ అభిమానులకు గుర్తొచ్చేది శాపమే. 1962లో ఆయన బోనస్ అడిగితే, తాను కోచ్‌గా ఉన్న పోర్చుగల్ క్లబ్ బెన్ఫికా ఇవ్వనందట, 'వందేళ్లయినా మీకు యూరప్ కప్పు దక్కదు' అనేసి ఆయన వెళ్లిపోయాడట. ఆ తర్వాత బెన్ఫికా ఎనిమిది యూరప్ ఫైనల్స్‌లో ఓడింది. ఇక కథకు తిరుగేముంది! దాని మాటున ఒక గొప్ప కోచ్ పనితనం మరుగున పడిపోయిందనే నా బాధ.

1899లో బుడాపెస్ట్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. వియన్నాలో హకోవా జట్టుకు ఆడి 1925లో ఆస్ట్రియా లీగ్ గెలిచాడు, ఆ తర్వాత న్యూయార్క్‌లోనూ ఆడాడు. కోచ్‌గా ఉయ్‌పెస్ట్ క్లబ్‌కు 1939లో మిత్రోపా కప్పు (మధ్య యూరప్ క్లబ్బుల పోటీ) తెచ్చాడు. ఇంతలో యుద్ధం. కొన్నాళ్లు అటక మీద దాక్కున్నాడు. ఆ తర్వాత వెట్టిచాకిరీ శిబిరం పాలై, 1944 చివర్లో అక్కణ్ణుంచి తప్పించుకున్నాడు. అన్నీ పోయాక మళ్లీ మైదానంలోకి దిగి కుర్రాళ్లకు ఆట నేర్పాడు చూడండి, కప్పులకన్నా నాకు అదే పెద్ద విషయం.

రుమేనియా, ఇటలీ తిరిగాడు. లీగ్‌లో మొదటి స్థానంలో ఉండగానే మిలాన్ క్లబ్ ఆయన్ని తీసేసింది. 1957లో బ్రెజిల్ వెళ్లి సావో పాలో జట్టును రాష్ట్ర చాంపియన్‌ను చేశాడు. నలుగురు ఫార్వర్డ్‌లతో దూకుడుగా ఆడించే హంగరీ పద్ధతిని ఆయన అక్కడికి తీసుకెళ్లాడు. అదే క్లబ్‌కు చెందిన విసెంటె ఫియోలా కోచ్‌గా మరుసటి ఏడాదే బ్రెజిల్ తొలి ప్రపంచ కప్పు గెలిచింది.

ఇక బెన్ఫికా కోచ్‌గా 1962 యూరప్ కప్పు ఫైనల్, ఆమ్‌స్టర్‌డామ్‌లో. ప్రత్యర్థి రియల్ మాడ్రిడ్. మాడ్రిడ్ ఆటగాడు పుష్కాష్ మొదటి సగంలోనే హ్యాట్రిక్ కొట్టాడు, స్కోరు 2-3. పుష్కాష్‌కు బంతి అందిస్తున్నది అతని సహచరుడు డి స్టెఫానో అని గుట్‌మన్ కనిపెట్టాడు. హాఫ్‌టైమ్‌లో తన ఆటగాడు కవేమ్‌ను డి స్టెఫానోకు కాపలా పెట్టాడు. దాంతో పుష్కాష్‌కు బంతి కరువైంది. కొలునా గోలుతో స్కోరు సమమైంది, ఇరవయ్యేళ్ల యుసేబియో రెండు గోల్స్ కొట్టాడు. 5-3. బెన్ఫికాకు వరుసగా రెండో యూరప్ కప్పు.

శాపమే నిజమైతే, పెట్టినవాడే మళ్లీ అదే జట్టుకు కోచ్‌గా వస్తాడా? 1965లో వచ్చాడు. 1966 మార్చిలో లిస్బన్‌లో, సొంత జనం ముందే, మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో ఆయన జట్టు 1-5తో ఓడింది. ఆ రాత్రి మైదానంలో చెలరేగిపోయింది శాపం కాదు, పందొమ్మిదేళ్ల జార్జ్ బెస్ట్.