ఈతకొలనులో నీరు తగ్గుతోందా? స్కిమ్మర్ పగలగొట్టే ముందు...

(దృశ్యం: కొలను మెట్టు మీద నీళ్లు నింపిన బకెట్)

స్కిమ్మర్ అంటే నీటి పైన తేలే చెత్తను లాక్కునే, కొలను గోడలో అమర్చిన పెట్టె. కొలనులో నీరు రోజూ తగ్గుతోందని సుత్తి పట్టుకోకండి. ముందు బకెట్ పట్టుకోండి. దాన్ని మెట్టు మీద పెట్టి, కొలనులో ఎంత మట్టం ఉందో అంతవరకు నింపండి. లోపల, బయట గీతలు గీసి 24 గంటలు ఆగండి. రెండు చోట్లా సమానంగా తగ్గితే అది ఎండ చేసిన పని. కొలనులో ఎక్కువ తగ్గితే ఎక్కడో లీకు ఉంది. నీరు స్కిమ్మర్ నోటి అడుగుదాకా దిగి అక్కడే ఆగిందంటే అనుమానం స్కిమ్మర్ మీదికే పోతుంది. అంతవరకు దిగేలోపే పంపు ఆపేయండి. లేకపోతే అది నీటికి బదులు గాలి పీల్చి పాడవుతుంది.

(దృశ్యం: స్కిమ్మర్ అంచు దగ్గర రంగు చుక్క)

నీరు నోటి దాకా నిండి, కదలకుండా ఉన్నప్పుడు స్కిమ్మర్ గోడను కలిసే అతుకు దగ్గర ఒక రంగు చుక్క వదలండి. పగులు ఉంటే రంగు సన్నని దారంలా లోపలికి జారిపోతుంది. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది, ఖర్చు గుర్తొచ్చేదాకా.

స్కిమ్మర్ ప్లాస్టిక్, గోడ కాంక్రీటు. వేడికి రెండూ ఒకేలా సాగవు. అందుకే అవి కలిసేచోట సందు పడుతుంది. చిన్న సందైతే నీటిలోనూ గట్టిపడే ఎపాక్సీ పుట్టీ చాలు. స్కిమ్మర్ డబ్బాయే బీటవారితే తప్ప దాన్ని మార్చకండి.

(దృశ్యం: గట్టు కోత, తవ్వకం)

మార్చాల్సి వస్తే, నీటి మట్టాన్ని నోటికి కిందికి దించి, గట్టును కోసి, చుట్టూ తవ్వండి. ఉక్కు చువ్వలకు కలిపిన రాగి తీగ కనిపిస్తే తెంపకండి, అది విద్యుత్ ప్రమాదం జరగకుండా వేసింది. పైపును మొదలంటా కోయకండి. కొత్త కప్లింగ్ (రెండు పైపులను కలిపే ముక్క) అతికించడానికి కొన్ని అంగుళాల మంచి పైపు మిగలాలి. పీవీసీ అతుకులకు ముందు ప్రైమర్ (ప్లాస్టిక్‌ను మెత్తబరిచే ద్రవం), ఆపై పీవీసీ జిగురు. తిప్పి బిగించే మరలు ఉన్నచోట టెఫ్లాన్ టేపు చుట్టండి, కానీ బలమంతా చూపించకండి. ప్లాస్టిక్ మర అతిగా బిగిస్తే కొత్తదే పగులుతుంది. స్కిమ్మర్ అడుగున వాడని రంధ్రం ఉంటే మూసేయండి. వినైల్ లైనర్ (లోపల పరిచే ప్లాస్టిక్ పొర) ఉన్న కొలనుకైతే పాత గాస్కెట్లు (నీరు కారకుండా అతుకుల మధ్య పెట్టే పట్టీలు) మళ్లీ వాడవద్దు.

(దృశ్యం: పైపుకు బిగించిన ప్రెషర్ గేజి)

చాలామంది తొందరపడేది ఇక్కడే. కాంక్రీటు పోయక ముందే పైపును ఒత్తిడి పెట్టి పరీక్షించండి. పోశాక లీకు బయటపడితే మళ్లీ సుత్తే. మట్టిని పొరలు పొరలుగా దిమ్మిస చేయండి. వదులుగా వదిలేస్తే అది కుంగి స్కిమ్మర్‌ను తనతో లాగుతుంది. గట్టుకూ కొలను అంచు రాళ్లకూ మధ్య సందు వదిలి, సాగే సీలెంట్ నింపండి. అక్కడ సిమెంటు పూస్తే గట్టు కదిలినప్పుడల్లా ఆ తోపు స్కిమ్మర్ మీద పడుతుంది.

(దృశ్యం: నిండిన కొలను)

కాంక్రీటు గట్టిపడ్డాక నీరు స్కిమ్మర్ నోటి సగం వరకు నింపండి. ఇప్పుడు అదే బకెట్‌ను మళ్లీ అదే మెట్టు మీద పెట్టండి.