గెనిమ తగాదా, ఉమ్మడి బోరు: రాతి దీవుల కోసం స్నేహదేశాలు ఎందుకు ముఖం తిప్పుకుంటాయి?

(బంగారుపాళ్యం దగ్గర మామిడి తోట. రెండు తోటల మధ్య గట్టు, గట్టు మీద చింతచెట్టు. వెనక బోరు షెడ్డు.)

నమస్తే. నేను నిలబడ్డ ఈ గట్టును మా వైపు గెనిమ అంటాం. ఇటు మా పెదనాన్న తోట, అటు మా చిన్నాన్న తోట. రెండిటికీ ఒకటే బోరు. 900 అడుగులు వేస్తే గానీ నీళ్లు పడలేదు, కాబట్టి సొంతంగా ఇంకోటి వేసే ధైర్యం ఇద్దరికీ లేదు.

ఆ మధ్య ఎండాకాలంలో మోటారు కాలిపోయింది. మామూలుగా అయితే మరుసటి రోజే మెకానిక్ వచ్చి పైపులు పైకి లాగేవాడు. 11 రోజులు ఎవరూ కదల్లేదు. కారణం ఈ చింతచెట్టు. ఇది గెనిమకు ఎవరి వైపుందన్న దాని మీద అదే నెలలో అన్నదమ్ములకు మాట పెరిగింది. ఎవరు ముందు ఫోన్ చేస్తే వాళ్లు తగ్గినట్టు! కాయ ఊరే సమయంలో అన్ని రోజులు నీళ్లు లేకపోతే తోతాపురి తోట ఏమవుతుందో చిత్తూరు జిల్లా వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. చెట్టు మీద వచ్చేదేమో ఏడాదికి ఒక బస్తా చింతపండు.

పగవాడితో మనకు ఉమ్మడి బోరు ఉండదు. దాయాదితోనే ఉంటుంది. అందుకే దాయాదుల తగాదాలో ముందు ఎండేది బోరు. ఈ వీడియో దేశాల గురించే, కానీ చెప్పేది ఈ బోరు సంగతే.

(మ్యాప్: కొరియా, జపాన్ మధ్య సముద్రం. మధ్యలో ఒక చుక్క.)

ఆ చుక్క రెండు రాతి గుట్టలు, చుట్టూ కొన్ని బండలు. అంతా కలిపితే 46 ఎకరాలు. దక్షిణ కొరియా వాళ్లు దొక్దో అంటారు, జపాన్ వాళ్లు తకేషిమా అంటారు. ఇద్దరితో మాట పడటం ఇష్టం లేని వాళ్లు లియాంకూర్ రాళ్లు అంటారు. 1849లో అటు పోయిన ఒక ఫ్రెంచి తిమింగలాల వేట ఓడ పేరది. ఆ సముద్రాన్ని ఏ పేరుతో పిలవాలన్న దాని మీద కూడా గొడవ ఉంది, దాన్ని ఇప్పుడు ఎత్తను.

దీవి ఇప్పుడు కొరియా చేతిలో ఉంది. అక్కడ కాపలా ఉండేది పోలీసులు, సైన్యం కాదు. ఎందుకంటే కొరియా ప్రభుత్వం లెక్కలో అక్కడ తగాదాయే లేదు. అంతర్జాతీయ న్యాయస్థానానికి పోదామని జపాన్ 1954లో అడిగింది, 1962లో అడిగింది, 2012లో మళ్లీ అడిగింది. తగాదా లేనిదానికి కోర్టేమిటని కొరియా రాలేదు.

1905లోనే దీన్ని మా షిమానే రాష్ట్రంలో కలుపుకున్నాం అంటుంది జపాన్. కొరియా వాళ్లకు మండేది సరిగ్గా ఆ సంవత్సరం దగ్గరే. అదే 1905 చివర్లో కొరియా విదేశాంగ వ్యవహారాలు జపాన్ చేతిలోకి పోయాయి, 1910లో దేశమే పోయింది. 1945 దాకా తిరిగి రాలేదు. అందుకని 46 ఎకరాల ఆ బండలు వాళ్లకు దేశం పోవడానికి మొదటి మెట్టులా కనిపిస్తాయి. ఆ మాట మీద సియోల్‌లో ఏ పార్టీ తగ్గినా ఎన్నికల్లో లేవలేదు.

మరి వీళ్ల ఉమ్మడి బోరు ఏమిటి? రెండు దేశాల్లోనూ అమెరికా సైన్యం ఉంది, రెండిటికీ ఉత్తర కొరియా క్షిపణుల భయం ఉంది. ఒకరి రాడార్‌కు కనిపించింది ఇంకొకరికి నిమిషాల్లో తెలియాలి. 2012 జూన్ 29న సైనిక సమాచారం పంచుకునే ఒప్పందం మీద సంతకాలు కావాలి. సుమారు గంట ముందు కొరియా వాయిదా వేసింది. దీవి ఒక్కటే కారణమంటే అబద్ధమవుతుంది. జపాన్ పాలన నాటి పాత గాయాలు అన్నీ కలిసి ఇంట్లో వ్యతిరేకత లేచింది. ఆ ఆగస్టు 10న అప్పటి అధ్యక్షుడు లీ మ్యుంగ్ బాక్ స్వయంగా దొక్దోలో దిగారు. కొరియా అధ్యక్షుడు అక్కడ కాలు పెట్టడం అదే మొదటిసారి. జపాన్ తన రాయబారిని వెనక్కి పిలిపించుకుంది. అదే రోజు లండన్ ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో జపాన్ మీద గెలిచిన కొరియా ఆటగాడొకరు ‘దొక్దో మాది’ అన్న అట్ట పట్టుకుని మైదానంలో తిరిగాడు. అతని కాంస్య పతకం నెలల తరబడి ఆగిపోయింది.

తర్వాత డబ్బు సంగతి. కష్టకాలంలో ఒకరికొకరు విదేశీ మారకం సర్దుకునే ఏర్పాటు ఈ రెండు దేశాలకు ఉండేది, 7,000 కోట్ల డాలర్ల దాకా. ఆ అక్టోబరులో గడువు తీరింది. పొడిగించలేదు. 1,300 కోట్లకు పడిపోయింది. అవసరం లేదు కాబట్టి ఆపేశామని అధికారికంగా చెప్పారు. మా పెదనాన్న కూడా అప్పుడు ‘నాకు నీళ్లతో పనేముంది’ అన్నాడు.

సమాచార ఒప్పందం చివరికి 2016 నవంబరులో కుదిరింది. నాలుగేళ్లు పైనే పట్టింది.

(బోరు షెడ్డు తలుపు దగ్గర.)

మా మోటారు కథకు వద్దాం. 12వ రోజు మా నాయనమ్మ మెకానిక్‌ను పిలిపించింది. డబ్బు తన కొంగున దాచుకున్నది. ఇప్పటికీ పెదనాన్న ‘మా అమ్మ చిన్నోడి పక్షం’ అంటాడు. చిన్నాన్న అదే మాట తిప్పి అంటాడు.

ఈ కథలో నాయనమ్మ స్థానం అమెరికాది. కాకపోతే మా నాయనమ్మ పంపకాల కాగితం రాయలేదు, అమెరికా రాసింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్ ఏయే భూములు వదులుకోవాలో 1951 శాన్‌ఫ్రాన్సిస్కో ఒప్పందంలో రాశారు. అందులో జేజు ఉంది, ఉల్లుంగ్ దీవి ఉంది. దొక్దో పేరు లేదు. తొలి ముసాయిదాల్లో కొరియాకు రాశారు, తర్వాతి దాంట్లో జపాన్‌కు రాశారు, ఆఖరికి ఎవరికీ రాయకుండా వదిలేశారు. ఇది తెలిసినప్పుడు నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒప్పందం అమల్లోకి రాకముందే, 1952 జనవరిలో, కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీ సముద్రంలో ఒక గీత గీసి దీవిని తమ వైపు వేసుకున్నారు.

అప్పటి నుంచి అమెరికా ఏం మాట్లాడినా తప్పే, మాట్లాడకపోయినా తప్పే. 2008లో అమెరికాలో భౌగోళిక పేర్లు చూసే బోర్డు ఈ దీవిని ‘ఎవరిదో తేలనిది’ అనే గుంపులోకి మార్చింది. ఒక గుమాస్తా పనిలా కనిపిస్తుంది కదా? సియోల్ భగ్గుమంది. బుష్ కొద్దిరోజుల్లో అక్కడికి వెళ్లాలి. వారం తిరిగేలోపే మార్పును వెనక్కి తీసుకున్నారు. 2017లో ట్రంప్‌కు సియోల్‌లో ఇచ్చిన విందులో దొక్దో రొయ్య వడ్డించారు. దాని మీద టోక్యో నిరసన తెలిపింది. రొయ్య మీద!

(స్క్రీన్ మీద: ఒక వేదిక, మైకు ముందు ఒక్కరు.)

వీటన్నిటికంటే నాకు బాగా గుర్తుండిపోయింది 2021 నవంబరు 17. వాషింగ్టన్‌లో మూడు దేశాల విదేశాంగ ఉప మంత్రుల సమావేశం. చర్చలు బాగానే జరిగాయి, తర్వాత ముగ్గురూ కలిసి విలేకరుల ముందుకు రావాలి. ఈలోపు కొరియా పోలీసు అధిపతి దొక్దో వెళ్లొచ్చారన్న వార్త వచ్చింది. జపాన్ ప్రతినిధి నేను రానన్నారు. చివరికి అమెరికా తరఫున వెండీ షెర్మన్ ఒక్కరే వచ్చి నిలబడి మాట్లాడారు. ముగ్గురం ఒక్కటే అని ప్రపంచానికి చూపించడానికి పెట్టుకున్న సభ అది.

(మ్యాప్ మారుతుంది: గ్రీసు, టర్కీ మధ్య సముద్రం.)

ఇప్పుడు మేకల దీవి కథ. గ్రీసు వాళ్లు ఇమియా అంటారు, టర్కీ వాళ్లు కర్దాక్ అంటారు. రెండు చిన్న గుట్టలు, పది ఎకరాలు. మనుషులు లేరు, మేకలున్నాయి. రెండు దేశాలూ 1952 నుంచి నాటో సైనిక కూటమిలో సభ్యులే.

1995 డిసెంబరులో ఒక టర్కీ సరుకు ఓడ అక్కడ బండలెక్కి ఇరుక్కుంది. లాగడానికి గ్రీసు వాళ్లు వస్తామంటే, ఇది మా దేశపు నీళ్లే, మా వాళ్లే లాగుతారన్నాడు ఆ కెప్టెన్. ఓడను లాగేశారు, ప్రశ్న మాత్రం మిగిలింది. జనవరిలో పక్క దీవి మేయర్ వచ్చి గ్రీసు జెండా పాతారు. టర్కీ విలేకరులు హెలికాప్టర్‌లో దిగి దాన్ని పీకి తమ జెండా పాతి, ఫొటోలు తీసుకున్నారు. గ్రీసు నౌకాదళం వచ్చి మళ్లీ మార్చింది. జనవరి 30 రాత్రి టర్కీ కమాండోలు పక్క గుట్ట ఎక్కారు. ఆ రాత్రి గ్రీసు హెలికాప్టర్ ఒకటి కూలి ముగ్గురు అధికారులు చనిపోయారు.

ఒకరి మీద దాడి అందరి మీద దాడి అని నాటోలో రాసుకున్నారు. అది బయటివాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసుకున్న మాట. ఇంట్లోవాళ్లే తుపాకులు పట్టుకుంటే ఏ పక్కన నిలబడాలి? క్లింటన్, ఆయన దూత హోల్‌బ్రూక్ రాత్రంతా ఫోన్ల మీద ఉండి ఇద్దరినీ వెనక్కి పంపారు. ఓడలు వద్దు, సైనికులు వద్దు, జెండాలు వద్దు. దీవి ఎవరిదో మాత్రం తేల్చలేదు, ఇప్పటికీ తేలలేదు.

సరే, రాళ్ల కోసం ఇంత ఎందుకు? చింతచెట్టు కింద నీళ్లున్నాయేమో అన్న అనుమానం లాంటిదే ఇక్కడా. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం ప్రకారం, భూమి ఎవరిదైతే చుట్టూ 12 నాటికల్ మైళ్లు, అంటే 22 కిలోమీటర్లు వాళ్లవి. మనుషులు బతకగలిగే దీవి అయితే 200 నాటికల్ మైళ్ల దాకా చేపలు, చమురు, గ్యాస్ మీద హక్కు. నడిసముద్రంలో ఒంటరిగా ఉన్న అలాంటి ఒక్క దీవికి లెక్క వేస్తే 4.3 లక్షల చదరపు కిలోమీటర్లు వస్తుంది. మన ఆంధ్రప్రదేశ్ మొత్తం 1.63 లక్షలే. మనుషులు ఉండలేని ఉత్త బండకు 200 మైళ్లు రావు. అందుకే చాలా దేశాలు బండల మీద ఇళ్లు కట్టి, మనుషుల్ని పెట్టి, ఇది దీవే అని నిరూపించే పనిలో ఉంటాయి.

మన తిరుపతి జిల్లాలోనూ దీవులున్నాయి. రాకెట్లు ఎగిరే శ్రీహరికోట దీవే. పులికాట్‌లో ఇరకం ఉంది, పడవలో పోవాలి. వాటిని ఏ దేశమూ అడగదు కాబట్టి మనకు ఈ టెన్షన్ లేదు. అయినా అదే పులికాట్‌లో చేపల హద్దు మీద ఆంధ్ర, తమిళనాడు జాలర్లు గొడవ పడటం కొత్తేమీ కాదు.

కెనడా, డెన్మార్క్ కథ దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. డెన్మార్క్ కింద ఉన్న గ్రీన్లాండ్ పక్కన హాన్స్ అనే బోడి దీవి, సుమారు 300 ఎకరాలు. 1984లో డెన్మార్క్ మంత్రి వెళ్లి జెండా పాతి, పక్కన ఒక మందు సీసా పెట్టి వచ్చారు. కెనడా వాళ్లు వెళ్లినప్పుడు వాళ్ల విస్కీ పెట్టారు. ఇది ఇలా నవ్వుల్లో పోవడానికి కారణం వాళ్ల మంచితనం అనుకుంటారు అందరూ. నేను అనుకోను. 1973లోనే చుట్టూ సముద్రాన్ని పంచేసుకున్నారు, గీత దీవి ఒడ్డు దాకా వచ్చి ఆగి, అవతలి ఒడ్డు నుంచి మళ్లీ మొదలవుతుంది. అంటే దీవి ఎవరిదైనా దానితో పాటు వచ్చే సముద్రం ఏమీ లేదు. 2022 జూన్‌లో దీవిని కూడా చెరికొంత చేసుకున్నారు.

కచ్చతీవు పేరు మీరు తమిళ వార్తల్లో వినే ఉంటారు. 285 ఎకరాలు, అంతోనియార్ చర్చి తప్ప ఏమీ లేదు. 1974లో ఇందిరాగాంధీ, సిరిమావో బండారనాయకే ఒప్పందంతో శ్రీలంక వైపు పోయింది. మన జాలర్లు, యాత్రికులు ఎప్పటిలాగే వీసా లేకుండా వెళ్లొచ్చని అందులో ఉంది. 1976లో ఇంకో ఒప్పందం వచ్చి, ఒకరి నీళ్లలో ఒకరు చేపలు పట్టకూడదంది. గెనిమ తేలింది, చేప తేలలేదు. ఇటు అరెస్టయ్యే జాలరీ తమిళుడే, మన ట్రాలర్లు అడుగు దాకా ఊడ్చేస్తున్నాయని అటు గోల పెట్టేదీ తమిళుడే. 50 ఏళ్ల తర్వాత 2024 ఎన్నికల ప్రచారంలో దీవి మళ్లీ పైకొచ్చింది.

(మ్యాప్: సుందర్‌బన్స్ దిగువన సముద్రం. ఏ చుక్కా లేదు.)

ఆఖరుగా, ఇప్పుడు లేని దీవి. 1970 నాటి పెద్ద తుఫాను తర్వాత హరియాభంగ నది ముఖద్వారం దగ్గర ఒక ఇసుక దిబ్బ తేలింది. మనం న్యూమూర్ అన్నాం, బంగ్లాదేశ్ దక్షిణ తాల్‌పట్టి అంది. మన సాయంతో పుట్టిన దేశం అది, పదేళ్లు తిరగకుండానే ఈ దిబ్బ మధ్యకొచ్చింది. 1981లో మన నౌక వెళ్లి జెండా పాతింది, ఢాకా మండిపడింది. దిబ్బ నీటికి రెండు మీటర్ల ఎత్తు కూడా ఉండేది కాదు. 2010 నాటికి మొత్తం మునిగిపోయిందని ఉపగ్రహ చిత్రాలు చూసిన జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం వాళ్లు చెప్పారు.

దీవి పోయినా సముద్రం ఉంది కదా, కేసు నడిచింది. 2014 జులైలో హేగ్ ట్రిబ్యునల్ తీర్పు చెప్పింది. తగాదాలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు ఇచ్చింది. మన ప్రభుత్వం ఒప్పుకుంది. దిబ్బ ఉండిన చోటు మాత్రం మన భాగంలోకి...

(తోట లోపలి నుంచి పెదనాన్న గొంతు: ‘ఒరే, అయిందా నీ షూటింగు? ఆ మోటారు ఆపేసి రా. మన వంతు అయిపోయింది, చిన్నోడు కాచుకోనుంటాడు.’)

వస్తున్నా పెద్దనాయనా. మన భాగంలోకి వచ్చింది. ఇప్పుడక్కడ ఉన్నవి నీళ్లే.