మన మిషన్ మీద పాసైన టెస్టు

అందరికీ నమస్కారం. డేటాబేస్ భాషలను, అక్షరాలను సరిగ్గా చూసుకుంటోందో లేదో ఎలా టెస్టు చేయాలో చెబుతాను. రెండు చిన్న స్ట్రింగులతో మొదలుపెడతాను. ఒకటి '11', రెండోది '1-1'. సార్ట్ చేస్తే ఏది ముందొస్తుంది?

అది మీ లైనక్స్ ఎంత పాతదో దాన్ని బట్టి ఉంటుంది. అమెరికన్ ఇంగ్లిష్ లొకేల్‌లో (అంటే ఆ భాష, ప్రాంతం సెట్టింగ్‌లో), 2018లో వచ్చిన జీలిబ్‌సీ (లైనక్స్ మూల లైబ్రరీ) 2.28కి ముందైతే '11' ముందు. ఆ తర్వాత '1-1' ముందు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ చాలాచోట్ల ఈ వరుసను ఓఎస్ లైబ్రరీనే అడుగుతుంది. రోలను త్వరగా వెతికిపెట్టే ఇండెక్సేమో పాత వరుసలో డిస్కు మీద పేర్చి ఉంటుంది. ఓఎస్ అప్‌గ్రేడ్ చేసి రీఇండెక్స్ మర్చిపోయారనుకోండి. టేబుల్లో ఉన్న రో వెతికితే దొరక్కపోవచ్చు. యూనిక్ కాలమ్‌లోకి డూప్లికేట్ దూరొచ్చు. ఎర్రర్ మాత్రం రాదు. క్రాష్ అయ్యే బగ్గంటే నాకు భయం లేదు, ఇలా నోరెత్తని బగ్గంటేనే టెన్షన్.

అందుకే, నాలుగు తెలుగు రోలు ఇన్సర్ట్ చేసి 'యూనికోడ్ టెస్టింగ్ అయిపోయింది' అనుకోకండి. సర్వర్ నడిచే లొకేల్ మార్చి అవే టెస్టులు మళ్లీ నడపాలి. సీ లొకేల్‌లో (భాషతో పనిలేకుండా బైట్ల వరుసలో పేర్చేది) ఒకసారి, టర్కిష్‌లో ఒకసారి. టర్కిష్‌లో ఇంగ్లిష్ చిన్న 'ఐ'ని (i) పెద్దక్షరం చేసినా నెత్తిమీది చుక్క పోదు. కీవర్డులను లొకేల్ ప్రకారం అప్పర్‌కేస్ చేసి పోల్చే కోడ్ ఉంటే, 'ఇన్సర్ట్' (insert) మొదటి అక్షరం దగ్గరే బోల్తా.

ఇలా మొదటిసారి నడిపినప్పుడు కుప్పలుగా ఫెయిలవుతాయి. చాలావరకు తప్పు టెస్టు రాసిన మనదే. ఆర్డర్ బై పెట్టి, వచ్చిన ఫలితాన్ని ఎక్స్‌పెక్టెడ్ ఫైల్లోకి, అంటే సరైన జవాబు ఇదని రాసుకునే ఫైల్లోకి, కాపీ కొట్టేస్తాం (నేనూ కొట్టాను). అది మన మిషన్ వరుస. భాషా క్రమంతో పనిలేని చోట కొలేట్ సీ అని రాసేయండి. లొకేల్‌కో ఎక్స్‌పెక్టెడ్ ఫైలు పెట్టడం నాకు నచ్చదు, కొన్నాళ్లకు వాటిని ఎవరూ చదవరు.

ఇక ఎన్‌కోడింగ్. 'స్త్రీ' కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో 6 కోడ్ పాయింట్లు (ఒక్కో గుర్తుకిచ్చిన నంబర్లు), వాటిని బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో 18 బైట్లు. లెఫ్ట్ ఫంక్షన్‌తో మొదటి మూడు కోడ్ పాయింట్లు తీసుకుంటే 'స్త' మిగులుతుంది. 'కై'లోని ఐత్వాన్ని ఒక కోడ్ పాయింట్‌గానూ రాయొచ్చు, రెండుగానూ రాయొచ్చు. తెరమీద తేడా కనిపించదు, బైట్లు పోల్చే డేటాబేస్ మాత్రం రెండూ వేరంటుంది. టెస్టులో రెండు రూపాలూ పెట్టండి.

మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లోని పాత 'యూటీఎఫ్8' ఒక్కో కోడ్ పాయింట్‌కు 3 బైట్లే ఇస్తుంది. తెలుగు కోడ్ పాయింట్‌కు సరిగ్గా 3 చాలు కాబట్టి మన టెస్టు హాయిగా పాసవుతుంది. చాలా ఎమోజీలకు 4 కావాలి. స్ట్రిక్ట్ మోడ్‌లో (తప్పు డేటాను ఒప్పుకోని సెట్టింగ్) ఎర్రరొస్తుంది. ఆ మోడ్ లేకపోతే ఎమోజీ దగ్గర స్ట్రింగ్ తెగిపోయి, దాని వెనకున్న వాక్యమంతా పోవచ్చు. కాబట్టి ఎమోజీని వాక్యం చివర కాదు, మధ్యలో పెట్టి టెస్టు చేయండి.