లాకు దాటే పడవ: గేమ్ తయారీలో స్వయంనిర్వహణ బృందాలు

కాకినాడ విద్యార్థులకు, అధ్యాపకులకు నమస్కారం.

కాకినాడ నుంచి ధవళేశ్వరం వైపు కాలువలో ఎదురెక్కే పడవను ఆటగాడు నడిపే ఒక వీడియో గేమ్ తయారవుతోందనుకుందాం. పడవ లాకులోకి, అంటే రెండు వైపులా తలుపులుండి పడవను మరో నీటిమట్టానికి చేర్చే గదిలోకి, చేరగానే వెనక తలుపులు మూసుకోవాలి, నీటిమట్టం పెరగాలి, ముందు తలుపులు తెరుచుకోవాలి. తెర మీద అర నిమిషం నిలిచే ఈ ఘట్టానికి డిజైనర్, ప్రోగ్రామర్, ఆర్టిస్ట్, యానిమేటర్, సౌండ్ డిజైనర్, టెస్టర్ అందరూ కావాలి. వీరిని వేర్వేరు విభాగాల్లో కూర్చోబెడితే, గీసిన తలుపు బొమ్మ శివారు చేను వంతు నీటి కోసం చూసినట్టు ప్రతి విభాగం దగ్గరా ఆగుతుంది. లాకు దాటడం విసుగు పుట్టిస్తోందని తెలిసేసరికి నెలలు గడిచిపోతాయి. ఆటలో సరదా ఉందో లేదో ఆడి చూస్తేనే గాని తేలదు కాబట్టి, ఈ ఆలస్యం మిగతా సాఫ్ట్‌వేర్ కంటే గేమ్‌కే ఎక్కువ చేటు.

ఆరుగురినీ ఒక్కచోట చేర్చి, స్ప్రింట్ (నిర్ణీత గడువున్న పని విడత) ముగిసేసరికి ఆడదగిన లాకు కావాలని మాత్రమే చెబితే పని తీరు మారుతుంది. ప్రోగ్రామర్ తలుపుల స్థానంలో బూడిదరంగు దిమ్మెలు పెట్టి తొలిరోజుల్లోనే నీటిని కదిలిస్తాడు. టెస్టర్ ఆడి, ఎదురుచూపు ఎక్కువైందంటాడు. డిజైనర్ సమయాన్ని సగానికి తగ్గిస్తే, యానిమేటర్ ఆ ఖాళీలో తలుపు తిప్పే లస్కర్‌ను ప్రవేశపెడతాడు. ఈ మార్పులకు పైనుంచి ఎవరి సంతకమూ అక్కర్లేదు. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎలా అన్నవి బృందమే నిర్ణయించుకుంటుందని స్క్రమ్ అనే బృంద పని పద్ధతిని వివరించే 2020 స్క్రమ్ గైడ్ చెబుతుంది. బృందం సాధారణంగా 10 మందికి మించదు, స్ప్రింట్ నెల దాటదు. పనుల ప్రాధాన్యక్రమం మాత్రం ఉత్పత్తి విలువకు బాధ్యత వహించే ప్రొడక్ట్ ఓనర్‌దే. రోజూ 15 నిమిషాలు నిలబడి మాట్లాడుకుని, పని పంపకాన్ని మేనేజర్‌కే వదిలేసే పద్ధతిని ఎజైల్ (కొద్దికొద్దిగా చేసి చూసి దిద్దుకుంటూ సాగే పద్ధతి) అనడానికి నాకు మనసొప్పదు.

హెల్సింకీలో 2010లో పుట్టిన గేమ్ సంస్థ సూపర్‌సెల్ ‘సెల్’ అనే చిన్న బృందాలతో పనిచేస్తుంది. తాము చేస్తున్న ఆటను ఆపేసే నిర్ణయం కూడా ఆ బృందానిదే. ఆ అధికారం ఇవ్వని చోట స్వయంనిర్వహణ పేరుకే ఉన్నట్టని నా అభిప్రాయం.

అయితే లాకు రూపం ఖరారై, అలాంటివే పదుల సంఖ్యలో తయారుచేయాల్సి వచ్చినప్పుడు, స్ప్రింట్ కంటే పని వరుసగా సాగిపోయే కాన్బాన్ పద్ధతి మెరుగు. ఆర్టిస్టులు తలో బృందంలో కూర్చుంటే ఒక్కో లాకు ఒక్కో శైలిలో తయారయ్యే ప్రమాదమూ ఉంది కనుక, పనులు పంచకుండా నాణ్యతను కాపాడే ఆర్ట్ లీడ్ ఉండాల్సిందే. సౌండ్ డిజైనర్ ఒక్కరే ఉండి బృందాలు నాలుగైతే, ఆయన ఎవరితో ఎప్పుడు కూర్చోవాలో స్ప్రింట్ మొదలవకముందే బృందాలన్నీ మాట్లాడుకుని తేల్చుకోవాలి.