ఎన్ని ఒరలు కనిపిస్తున్నాయి?

శ్రోతలకు నమస్కారం.

మా పెరంబూరు ఇంటి పెరట్లో ఒక ఒరల బావి ఉంది. ఒరలంటే బావి లోపల ఒకదాని మీద ఒకటి పేర్చిన గుండ్రటి చుట్లు. మా నాయనమ్మకు చదువు రాదు గానీ ఆ బావి లెక్క ఏనాడూ తప్పేది కాదు. పొద్దున్నే గిలక దగ్గర వంగి చూసేది. "ఆరు ఒరలు బయటపడ్డాయిరా. ఇంక గుడ్డలుతకడం వారానికి రెండు రోజులే" అనేది. నీళ్ళకు పైన ఎన్ని ఒరలు కనిపిస్తే అంత ఎద్దడి అన్నమాట. ఆవిడ ఆ మాట అన్నాక ఇంట్లో ఇంకెవరూ నోరెత్తేవాళ్ళు కాదు.

చూడటం, లెక్కపెట్టడం, ఆ లెక్కను బట్టి ఒక కట్టడి పెట్టడం. ఇంత పెద్ద చెన్నై నగరం తన నీటినీ గాలినీ కనిపెట్టుకుని ఉండటమన్నా ఇదే పని. కాకపోతే మా ఇంట్లో ఇవన్నీ చేసింది ఒక్క మనిషి. నగరంలో చూసే చేతులు వేరు, చేసే చేతులు వేరు.

చెన్నపట్నం కార్పొరేషన్ 1688లో పుట్టింది. మన దేశంలో అంతకంటే పాత నగరపాలక సంస్థ లేదు. సెంట్రల్ స్టేషన్ పక్కనున్న తెల్లటి రిప్పన్ బిల్డింగ్ దాని కొలువు. ఆ భవనం 1913లో తెరిచారు, ఫిర్యాదులకు చేయాల్సిన ఫోన్ నంబరూ 1913 కాబట్టి, ఒకటి గుర్తుంటే రెండూ గుర్తున్నట్టే. 2011లో చుట్టుపక్కల ఊళ్ళు కలిశాక నగరం 426 చదరపు కిలోమీటర్లయింది, వార్డులు 200. చెత్త ఎత్తడం, వాననీటి కాలువలు, దోమల మందు, పార్కులు కార్పొరేషన్‌వి. తాగునీరు, మురుగు మెట్రోవాటర్ బోర్డువి. అది 1978లో విడిగా ఏర్పడింది. గాలి, ఫ్యాక్టరీల పొగ కాలుష్య నియంత్రణ మండలి చూస్తుంది. నదులు, పెద్ద చెరువులు చాలామటుకు రాష్ట్ర జలవనరుల శాఖవి.

అంటే ఏమిటి? మీ ఇంటి ముందు కాలువలో నల్లనీళ్ళు పారుతున్నాయనుకోండి. కాలువ ఒకరిది, అందులో కలిసిన మురుగు ఇంకొకరిది, అది పోయి పడే కూవం నది మూడోవారిది. వినడానికి హాస్యంగానే ఉంటుంది. ముక్కు మూసుకుని ఫోన్ పట్టుకున్నవాడికి మాత్రం నవ్వు రాదు.

చెత్త సంగతి ఎత్తుకుంటే మా ఇంటికి దగ్గర్లోని కొడుంగయ్యూరు చెత్తగుట్టంత పొడుగవుతుంది, ఈ కాస్త సమయం చాలదు. నీళ్ళ దగ్గరికే వస్తాను.

మెట్రోవాటర్ వాళ్ళు ఊరంతటా పరిశీలన బావులు పెట్టుకున్నారు. నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో నెలనెలా కొలిచి, ఏరియాలవారీగా వెల్లడిస్తారు. మా నాయనమ్మ ఒరల లెక్కే, కాకపోతే మీటర్లలో. లోతుతోపాటు నీటిలో కరిగిన లవణాలూ చూస్తారు. టీడీఎస్ అని మనం వాటర్ ఫిల్టర్ కొనేటప్పుడు వింటామే, అదే. లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే తాగడానికి మంచిది. వేరే గతి లేనిచోట 2,000 దాకా ఒప్పుకుంటారు. ఈ అంకె ఎందుకు ముఖ్యమో నగరానికి ఉత్తరాన మీంజూరు వైపు రైతుల్ని అడగాలి. అక్కడ ఏళ్ళ తరబడి పొలాలకూ ఫ్యాక్టరీలకూ నగరానికీ బోర్లతో తోడగా తోడగా, సముద్రం నేల అడుగునుంచి లోపలికి వచ్చేసింది. పైన పచ్చగానే ఉంటుంది. బావిలో నీళ్ళు నోట పోసుకుంటే ఉప్పు.

అందుకే 1987లో చట్టం తెచ్చారు. నగర ప్రాంతంలో బావి తవ్వాలన్నా, భూగర్భజలం లారీల్లో తరలించాలన్నా అనుమతి ఉండాలి. 2003లో రాష్ట్రమంతటా ఇంటింటికీ ఇంకుడు గుంత తప్పనిసరి చేశారు. మా వీధిలో గొణగనివాళ్ళు లేరు, మేస్త్రీ కూలి చూసి నేనూ గొణిగాను. తరవాత రెండు మంచి వానాకాలాలు వచ్చేసరికి మా బావిలో ఒరలు మునిగాయి, గొణుగుడు ఆగింది. గుంత తవ్వించడం ఒకనాటి పని. ఏటా ఇసుక, గులకరాళ్ళు తీసి కడగడం మళ్ళీ మళ్ళీ చేయాల్సిన పని. అక్కడే అందరం జారిపోయాం. 2019 జూన్‌లో నగరానికి నీళ్ళిచ్చే చెరువులు పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాకం నాలుగూ దాదాపు అడుగంటాయి. జూలైలో జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో నీళ్ళు తెచ్చారు. ఆ వేసవిలో ఒరలు లెక్కపెట్టడానికి నాయనమ్మ లేదు. లెక్కపెట్టే పనీ లేదు, అడుగున బురదే కనిపించింది.

ఇంకో సంగతి మనలాంటి తెలుగువాళ్ళకు త్వరగా తడుతుంది. ఈ నగరం నీళ్ళు చాలామటుకు నగరంలో పుట్టినవి కావు. 1983 ఒప్పందంతో మొదలైన తెలుగు గంగ 1996లో పూండికి చేరింది. కండలేరు నుంచి కాలవ వెంట కృష్ణ నీళ్ళు ఇక్కడికి రావాలి. నగరి మీదుగా దిగే కుశస్థలి ఇక్కడికొచ్చేసరికి కొసస్తలై అవుతుంది. పిచ్చాటూరులో అరణియార్ జలాశయం గేట్లు ఎత్తితే తిరువళ్ళూరు జిల్లా ఒడ్డు ఊళ్ళలో హెచ్చరిక చేయాలి. రిప్పన్ బిల్డింగ్‌లో కూర్చున్నవారు ఎంత సమర్థులైనా వారి 200 వార్డుల హద్దు దాటి పైకి చూడాల్సిందే.

చూసినా చాలదని 2015 డిసెంబరు వరద చెప్పింది. చెంబరంబాకం నుంచి అడయారు నదిలోకి 29,000 క్యూసెక్కులు వదిలారు. చెరువు మట్టం ఎంతుందో, ఎంత వదులుతున్నారో గంటగంటకూ అంకెలున్నాయి. కింద ఒడ్డున ఉన్న చాలామందికి మాత్రం నీళ్ళు గడప ఎక్కాకే తెలిసింది. కొలవడంలో లోటు లేదు, కబురే వెనకబడింది. నా దృష్టిలో ఈ నగరానికి కొత్త యంత్రాలకంటే ఎక్కువ అవసరమైనది ఆ కబురు నడిచే దారి.

కొలత, కబురు, పని కొంతవరకైనా కలిసొచ్చే రోజు ఒకటుంది. అది వచ్చేవారమే. భోగి.

మన ఊళ్ళలో భోగిమంటంటే పిడకలు, ఎండుకట్టెలు, చిరిగిన చాప. ఇక్కడ వీధుల్లో పిల్లలు మేళాలనే చిన్న డప్పులు కొడుతుంటే టైర్లు కూడా మంటలోకి వచ్చి చేరాయి. జనవరిలో తెల్లవారుజామున గాలి కదలదు, మంచు కిందికి దిగి ఉంటుంది, పొగ పైకి పోలేక వీధిలోనే తిష్ఠ వేస్తుంది. 2018 భోగినాడు విమానాశ్రయంలో విమానాలు దిగలేకపోయాయి. కాలుష్య మండలి వాళ్ళు ఏటా ఆ రాత్రి నగరంలో చాలాచోట్ల యంత్రాలు పెడతారు. యంత్రమంటే పెద్ద మాయేం లేదు. తూచిన వడపోత కాగితం గుండా గాలిని గంటల తరబడి పీలుస్తుంది. తరవాత కాగితాన్ని మళ్ళీ తూస్తారు. పెరిగిన బరువే మనం పీల్చిన దుమ్ము. సన్నధూళి ఘనమీటరుకు రోజు సగటున 60 మైక్రోగ్రాములు దాటకూడదు. భోగి తెల్లారి చాలాచోట్ల దాటుతుంది. ఆ అంకెలు ఏటా పేపర్లలో పడీ పడీ, ఇప్పుడు కార్పొరేషన్ వాళ్ళే పండగకు ముందు పాత టైర్లు, పాత బట్టలు తీసుకుపోతున్నారు. పోయినేడు మా మనవడు తన సైకిల్ టైరు ఇవ్వనని మొండికేశాడు. మేళం కొనిస్తానన్నాక ఇచ్చాడు. ఆ మేళం మోత సంగతి మా పక్కింటివారిని అడగండి, అది ఏ మండలి కొలవాలో!

ఈ పూట రికార్డింగుకు బయల్దేరే ముందు గిలక దగ్గర వంగి చూసి వచ్చాను. మూడు ఒరలు కనిపిస్తున్నాయి. నాలుగోది సగం తడి.

నమస్కారం.